పదకొండో పాట చివర

“ఆ గిటారు గనక నా అద్దాల బీరువాకి తగిలిందో, మిమ్మల్నీ మీ పాటల్నీ కలిపి బయటికి గెంటుతాను,” అన్నాడు కళ్లజోళ్ల షాపు పెద్దాయన, తలెత్తకుండానే.

ఆమె గిటారును చంటిబిడ్డలా గుండెలకు హత్తుకుని, బీరువాకూ బల్లకూ మధ్య సందులోంచి పక్కకు తిరిగి నడిచింది. వెనకాలే తమ్ముడు ఖాళీ అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. అదే అతని డ్రమ్ము. ఆ వెనక మనిషెత్తు ఫిడేలు మోసుకుంటూ గడ్డం వచ్చాడు. అతనికీ ఒక పేరుంది గానీ బ్యాండులో ఎవరూ వాడరు.

ముప్పయ్యేళ్ల కిందట ‘మూసిన తలుపు’ అనే పంక్ ఆల్బమ్‌ను గొంతు చించుకుని పాడింది ఈ పెద్దాయనేనంటే, ఓపిగ్గా లెన్సు అంచులు అరగదీసే ఆ చేతుల్ని చూసినవాళ్లెవరూ నమ్మరు. మొత్తం పదకొండు పాటలు. ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు, ఊపిరి తీసుకోకుండా అరిచిన పాటలు. చివరి పాట “తలుపు తీయకపోతే మేం” అన్న దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. ఆ తర్వాత ఆ బ్యాండు ఇంకేమీ పాడలేదు.

ఆ ‘మేం’ తర్వాత ఏముందో, పాట అక్కడే ఎందుకాగిందో అన్న దాని మీద అభిమానులు కొట్టుకు చచ్చారు. పోలీసులొచ్చి ఆపించారని కొందరు, పాడుతూ పాడుతూ ఏడ్చేశాడని కొందరు. ఒక లెక్చరర్ అయితే ఏకంగా పుస్తకమే రాసిపడేశాడు. ఆమె మాత్రం పదిహేడో ఏట ఆ పాట విని, ఆ ఖాళీ తనకోసమే వదిలారనుకుంది. చేరిన ఏడాదికే ఉద్యోగం మానేసిన రోజు “రేపటినుంచి ఏం చేస్తావే?” అని అమ్మ నిలదీస్తే, “నేను” అని మొదలుపెట్టి, అక్కడే ఆపి, గిటారు తీసుకుని బయటికొచ్చేసింది.

ఇప్పుడా ఆల్బమ్‌ను ఆమె బ్యాండు తమ పద్ధతిలో మళ్లీ చేసింది. అరుపుల్లేవు, అన్నీ నెమ్మది పాటలు. చివర ఆ కోత దగ్గర నాలుగు నిమిషాల మౌనం. పెద్దాయన అనుమతి కాగితం మీద సంతకం పెడితేనే అది బయటికొస్తుంది. పెట్టకపోతే రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. ఇదివరకు వచ్చిన మూడు బ్యాండులనూ ఆయన రెండో పాటకే సాగనంపాడు.

“వాళ్లు బాగా వాయించలేదా సార్?” తమ్ముడు ఉండబట్టలేక అడిగాడు.

“అచ్చం మాలాగే వాయించారు. అదే నచ్చలేదు.”

మొదటి పాట సాగుతున్నంతసేపూ పెద్దాయన అరగదీసే మిషన్ ఆపలేదు. రెండో పాటకూ అంతే. మూడో పాట మధ్యలో టక్కున ఆపాడు. ఆమె చేయి తీగల మీదే ఆగిపోయింది.

“ఆపమన్నానా? కానివ్వండి. మోటారు చప్పుడుకి సరిగ్గా వినపడటం లేదు.”

ఏడో పాట దగ్గర వేలెత్తాడు. “ఇది ఇంకొంచెం నెమ్మదిగా ఉండాలి.”

“ఇంకానా?” గడ్డం నోరెళ్లబెట్టాడు. “మీరే కదా సార్ అంత కోపంగా పాడింది!”

“కోపమా? ఎవరి మీద?”

“అంటే... ప్రపంచం మీద.”

“ప్రపంచం నన్నేం చేసింది బాబూ? కోపం కాదు, తొందర.”

“అర్థమైంది సార్. కుర్రతనం,” అని గడ్డం పెద్ద తాత్వికుడిలా తలాడించాడు. పెద్దాయన తర్వాతి పాట కానివ్వమని చేయి ఊపాడు.

పదకొండో పాట వచ్చింది. “తలుపు తీయకపోతే మేం” దగ్గర ముగ్గురూ బొమ్మల్లా బిగుసుకుపోయారు. ఎవరో తలుపు తోసి లోపలికి తొంగిచూశారు. కదలకుండా ఉన్న ముగ్గురినీ, కళ్లు మూసుకున్న షాపాయననీ చూసి, వచ్చినంత మెల్లిగా వెళ్లిపోయారు. ఒక నిమిషం గడిచింది.

అప్పుడు పెద్దాయన సన్నగా గొంతు విప్పాడు.

“...మేం మెట్ల మీదే కూర్చుంటాం. నువ్వు తీసినప్పుడే వస్తాం.”

ఇన్నేళ్లూ అభిమానులు ఎందరో తమ ఊహల్లో ఆ తలుపును ఎన్నో రకాలుగా బద్దలుకొట్టారు. మెట్ల మీద కూర్చున్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

“ఇది ప్రేమపాటా సార్?”

“మా ఆవిడ కోసం రాశాను. అప్పటికింకా మా ఆవిడ కాదనుకో. తలుపు వాళ్ల నాన్నది.”

“మరి తీశారా?”

“నాలుగో రోజున తీశాడు, పాలవాడొచ్చాడనుకుని.”

తమ్ముడు పకపకా నవ్వాడు. ఆమె కళ్లు తుడుచుకుంది. “ఆ మాట మా రికార్డులో మీరే పాడాలి సార్.”

“మన మౌనం ఏమవుతుంది?” గడ్డం లబోదిబోమన్నాడు.

“పోతే పోయింది,” అందామె. అంత తేలిగ్గా అనగలనని ఆమె కూడా అనుకోలేదు.

పెద్దాయన కాగితం లాక్కుని, చదవకుండానే సంతకం పెట్టి చేతికిచ్చాడు. ఆమె దాన్ని జాగ్రత్తగా మడిచింది గానీ కదల్లేదు.

“ఒక్క మాట సార్. ఆ ఖాళీని నమ్ముకునే నేను ఉద్యోగం మానేశాను. అమ్మతో ఏడేళ్లు మాటల్లేవు. ఇంత మంచి మాట ఉండి కూడా ఆరోజు పాడకుండా ఎందుకు ఆగిపోయారు? ఎవరు ఆపారు?”

ఆయన ఆమె వంక జాలిగా చూశాడు.

“టేపు అయిపోయిందమ్మా.”