అన్న ట్రాక్టర్ బ్యాటరీ

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునకైనా లేదు, తెల్లగా కాలిపోతోంది. ఆ ఎండలకే రమేష్‌బాబు కారు బ్యాటరీ చచ్చింది. తెల్లారితే తల్లి పున్నమ్మను డయాలసిస్‌కు రాయచూరు తీసుకెళ్లాలి. సంగతి సాయంత్రం గానీ తెలియలేదు, ఇక సిరవార బజారుకు వెళ్లి కొత్తది తెచ్చే వ్యవధి లేదు. నిరుడు అన్న ధర్మతేజను కాలవలో ముంచి చంపిన ట్రాక్టర్ షెడ్డులోనే ఉంది. దాని బ్యాటరీ తీసి కారులో పెట్టాడు. పట్టకపోతే తాడుతో కట్టాడు.

చీకటి పడ్డాక స్టార్ట్ చేస్తే, స్టీరింగ్ ముందు బ్యాటరీ గుర్తున్న ఎర్రదీపం ఆరలేదు. బెల్టు ఎండకు సాగి వదులైంది, అందుకే చార్జింగ్ ఎక్కడం లేదు. బెల్టు బిగించాడు. రాత్రంతా చార్జింగ్ పెడదామని బ్యాటరీ విప్పి వసారాలోకి మోసుకొచ్చాడు.

“నడుం పట్టేస్తే నిన్నెవరు మోస్తార్రా, మెకానిక్కూ?” అంది పున్నమ్మ వంటింట్లోంచి.

అతను నవ్వబోయాడు. అంతలో వాకిట్లో కారు హారన్ మోగింది. రెండు పొట్టి కూతలు, కాస్త ఆగి ఒక పొడుగు కూత. పొలం నుంచి వస్తూ, అన్నం వడ్డించమని అన్న అలాగే కొట్టేవాడు.

ఆ తర్వాత కీచురాళ్లు కూడా ఆగిపోయాయి. బ్యాటరీ రమేష్‌బాబు కాళ్ల దగ్గరే ఉంది.

“అమ్మా, కార్లో బ్యాటరీ లేదే,” అన్నాడు.

“పెద్దోడొచ్చాడ్రా,” అంది ఆమె, మూడో కంచం పెడుతూ. “రేపు నన్ను వాడే తీసుకెళ్తాడులే.”

“రేపు బస్సులో పోదామమ్మా. నీకు దణ్ణం పెడతా.”

ఆమె మూడు కంచాల్లోనూ అన్నం వడ్డించింది. తలలు వంచుకుని తిన్నారు. మూడో కంచంలో ఎవరో మజ్జిగ కలుపుతున్న చప్పుడవుతున్నా రమేష్‌బాబు తలెత్తలేదు.