ఎలిసమ్మ శనివారాలు

జీపు సరిగ్గా అన్నమ్మ ఇంటి ముందే ఆగింది.

మిలిటరీ ఆఫీసరు దిగి దారి అడిగాడు. అరుగు మీద కూర్చుని పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుతున్న ఎలిసమ్మ లేచి ఇంగ్లీషులో జవాబు చెప్పింది. ఆయన ఇంకేదో అన్నాడు. ఆమె నవ్వింది.

మర్నాడు పొద్దున అదే జీపు మళ్లీ వచ్చి, అన్నమ్మ భర్త యేసయ్యను ఎక్కించుకుపోయింది. కమ్యూనిస్టు సంఘం వాళ్లను తన ఎడ్లబండిలో ఊరు దాటించాడట.

ఎక్కడికి తీసుకుపోయారో ఎవరూ చెప్పలేదు. అన్నమ్మ సూర్యాపేటలో ప్రతి సర్కారు కచేరీ మెట్లూ ఎక్కింది. ప్రతిచోటా తరిమేశారు.

ఎలిసమ్మ అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. నిజాం మీదికి యూనియన్ సైన్యం రావడానికి ఏడాది ముందు, ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పడానికి ఏదో చల్లటి దేశం నుంచి వచ్చింది. బడికి దగ్గరని పాస్టరు ఆమెకు అన్నమ్మ ఇంట్లో ముందుగది ఇప్పించాడు.

ఇంటివాళ్లు పొయ్యి దగ్గర గుండ్రంగా కూర్చుని తినేవాళ్లు. ఆమెకు మాత్రం ముందుగదిలో కుర్చీ, బల్ల. నేనూ మీతో కూర్చుంటానని ఒకసారి అడిగింది. నేల మీద మీకెక్కడ కుదురుతుంది టీచరమ్మా అని అన్నమ్మ మర్యాదగానే అంది. ఆమె మళ్లీ అడగలేదు. తినేటప్పుడు కుర్చీని కాస్త వంటింటి వైపు తిప్పుకునేది, లోపలి మాటలు వినపడేట్టు.

యేసయ్యను పట్టుకుపోయాక ఆ మాటలూ ఆగిపోయాయి.

పక్కింటి ఉప్పలమ్మ వచ్చి కూర్చుంది.

“ఆమె ఇంగ్లీషుల ఏం చెప్పిందో నీకెర్కనా, నాకెర్కనా? జీపు ఊకెనే వచ్చిందా వదినె?”

అప్పట్నుంచి అన్నమ్మ బల్ల మీద పళ్లెం పెట్టి, మూత వేసి, మొహం చూడకుండా వెళ్లిపోయేది. ఎలిసమ్మ ఒక్కతే తిని, పళ్లెం కడిగి, వంటింటి గుమ్మంలో బోర్లించేది.

ఆమెకు శనివారాలు బడి లేదు. పొద్దున్నే మొదటి బస్సెక్కి ఎటో పోయేది. పొద్దుగూకే వేళకు దుమ్ము కొట్టుకుని వచ్చేది. ఎక్కడికని పిల్లలడిగితే, పని ఉందనేది.

మిర్యాలగూడలో ఆమె మిలిటరీ క్యాంపు గేటులోకి పోతుంటే తన తమ్ముడు కళ్లారా చూశాడని ఉప్పలమ్మే మోసుకొచ్చింది. ఆ సాయంత్రం అన్నమ్మ ముందుగది గుమ్మంలో నిలబడింది.

“మిర్యాలగూడల ఆ ఆఫీసరు కాడికి పోతున్నరా, టీచరమ్మా?”

“వెళ్తున్నాను.”

“ఎందుకు?”

ఎలిసమ్మ కుర్చీలోంచి లేచింది.

“చెప్పలేను, అన్నమ్మగారూ.”

“అయితే ఇగ మీరు వేరే ఇల్లు సూసుకోండ్రి.”

ఎలిసమ్మ తలూపింది. రెండు రోజుల్లో కోదాడ హాస్టల్‌లో చోటు చూసుకుంది. వెళ్లేరోజు ట్రంకు పెట్టె తనే మోసుకుంటూ వీధిలోకి దిగింది. ఎవరూ సాయం పట్టలేదు. వెనక్కి తిరిగి, యేసయ్యగారు వస్తారు అంది. ఎత్తిపొడుస్తోందనుకుని అన్నమ్మ తలుపు వేసేసింది.

వానలు పట్టాక, ఒక మధ్యాహ్నం యేసయ్య కుంటుకుంటూ ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు తాగి, ముందుగదిలోకి తొంగిచూశాడు.

“టీచరమ్మ ఏది?”

ఉప్పలమ్మ అన్న మాటలూ, తను ఇల్లు ఖాళీ చేయించిన సంగతీ అన్నమ్మ చెప్పింది. యేసయ్య చెంబు కింద పెట్టాడు.

“నా పేరు రాసిచ్చింది మన గల్లీ మనిషే. ఆమె కాదు.”

ఆ తర్వాత ఆగి ఆగి చెప్పుకొచ్చాడు. ఆ ఆఫీసరుది ఏ క్యాంపో కనుక్కుని, మొదటి శనివారం ఆమె మిర్యాలగూడ క్యాంపు గేటు ముందు ఎండలో మధ్యాహ్నం దాకా కూర్చుందట. పరాయి దేశపు ఆడమనిషిని నెట్టలేక లోపలికి రానిచ్చారట. వచ్చిన ప్రతిసారీ యేసయ్యను బయటికి పిలిపించి, నిలువునా ఒకసారి చూసి, ఒక మాట మాట్లాడి వెళ్లేదట.

“ఆమె అడగవట్టినంక నా మీద చెయ్యి వెయ్యలె. నా ఎంబడి పట్టుకపోయినోళ్లల్ల ఇద్దరు ఏమైన్రో ఇప్పటికీ తెల్వదు.”

“మరి నాకెందుకు చెప్పలె?”

“నా జాడ బయటవెడ్తే నన్ను ఇంకో జాగకు పంపుతమన్నరు. ఆమె ముంగటనే అన్నరు.”

ఇల్లు విడిచి పోయినంక కూడా వచ్చిందా అని అన్నమ్మ మెల్లగా అడిగింది.

“మొన్నటి శనివారం గూడ వచ్చింది. ఇల్లు మారిన ముచ్చట నాకు చెప్పనే లేదు. అన్నమ్మ బాగుంది, నీకోసం సూస్తున్నది అన్నది.”

తెల్లారి అన్నమ్మ కోదాడ బస్సెక్కింది. టీచరమ్మను వెంట తీసుకువచ్చి పొయ్యి దగ్గర పీట వేసి కూర్చోబెట్టాలని దారంతా అనుకుంటూనే ఉంది.

హాస్టల్ చూసుకునే రాజమ్మ గదిని చూపించింది. మంచం ఖాళీగా ఉంది. ఈ దేశంలో ఉండటానికి ఆమెకు సర్కారు ఇచ్చిన గడువు అయిపోయిందట. సోమవారమే బెజవాడ వెళ్లిపోయారు, అక్కణ్ణుంచి మద్రాసు, ఆపైన ఓడ అని చెప్పింది.

అన్నమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ దేశంలో వాళ్లింటి అడ్రసన్నా ఇయ్యమని, పిల్లలతో ఉత్తరం రాయించి కాళ్లు పట్టుకుంటానని బతిమాలింది.

రాజమ్మ తల అడ్డంగా ఊపింది.

“ఏ ఇంటికని రాస్తావమ్మా? అక్కడ యుద్ధంలో ఆమె భర్తనీ, కూతుర్నీ పట్టుకుపోయారంట, ఎక్కడ పెట్టారో అడగటానికి ఆమెకు తోడొచ్చిన మనిషి వీధిలో ఒక్కరూ లేరంట.”