వాయిదకు పోయే కారు

లింగంపేట దాటినంక టెంపరేచర్ ముల్లు ఎర్రగీత ఎక్కింది. కారు పక్కకు ఆపిన. బానెట్ సందుల్లకెళ్ళి ఆవిరి వస్తున్నది.

పదిన్నరకల్లా కామారెడ్డి కోర్టుల ఉండాలె. నాకు, నా భార్య గ్లోరీకి విడాకుల వాయిద. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్క కారే కాబట్టి ఒక్కదాంట్లనే పోతున్నం.

పోయిన వాయిదకు అసలు మా ఊరు ఎల్లారెడ్డే దాటలేదు. కారు స్టార్ట్ కాలే. నేను మెకానిక్‌నే, అయినా పగటియాల్ల దాక ఎతికితే తేలింది, ఇంజన్‌కు పెట్రోల్ పంపే మోటర్ ఫ్యూజు లేదని. ఎలుక ఎత్తుకపోయిందని రెండు నెలల సంది దాన్ని తిట్టుకుంటున్న.

ఇంజన్ చల్లారినంక బానెట్ లేపిన. ఫ్యాను తిప్పి చూసిన, బెల్టు గుంజి చూసిన.

"హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇయ్యాల కాదు" అన్న.

గ్లోరీ కారు దిగింది. నా షెడ్డుల ఏడేండ్లు పానాలు, స్క్రూడ్రైవర్లు అందించిన మనిషి. రేడియేటర్ పైపు పట్టుకొని గుంజితే ఊడి చేతికొచ్చింది.

"క్లిప్పు వదులైంది. గంతే."

"పాత క్లిప్పు" అన్న.

"స్క్రూ మీద గీతలు కొత్తయి. పొద్దుగాల నేనొచ్చేసరికి నువ్వు బానెట్ కింద ఏం జేస్తున్నవ్?"

నేను బెల్టు మళ్ళొకసారి గుంజి చూసిన.

స్క్రూడ్రైవర్ అడిగింది. ఇచ్చిన. రెండు నిమిషాల పని. బిగించి నీళ్ళు పోస్తే పదిన్నరకు కోర్టు అందుకుంటం.

ఆమె బిగించలేదు. పర్సు తెరిచి, నీలంరంగు ఫ్యూజొకటి తీసి నా చేతిల పెట్టింది.

"ఇగ ఎలుకను తిట్టకు" అన్నది.