గట్టు ఎత్తు

"అక్కా, ఆటో ఎక్కేముంగట ఒక్కసారి గోడకానుకొని నిలబడు. వంట గట్టు నీ ఎత్తు చూసి కడ్త," అన్నాడు మేస్త్రి.

సుహాసిని బ్యాగు కింద పెట్టింది. వండేటప్పుడు కాళ్లకు చెప్పులుండవని, వాటిని విడిచి మరీ నిలబడింది. నారాయణఖేడ్‌లోని ఈ పాత ఇంటికి కోడలై వచ్చినప్పటి నుంచి, కాలం చేసిన అత్త ఎత్తుకు కట్టిన గట్టు మీద వంగి వంగి వండి ఆమె నడుము పట్టేసింది. ఇన్నాళ్లకు ఆ గట్టును కూలగొట్టారు.

"నువ్వు మంచి పొడుగున్నవక్కా," అంటూ మేస్త్రి ఆమె నడుముకు సరిగ్గా గోడ మీద ఇటుకముక్కతో గీత గీశాడు.

ఇల్లు బాగుచేయిద్దామన్నది ఆమె భర్త ధర్మేందరే. "దుమ్ము నీకు పడదు. పనైపోయేదాంక కల్హేర్‌ల మీ అమ్మింట్ల ఉండు. చీరెలన్ని తీస్కపో, ఈడుంటే ఖరాబైతయి," అన్నదీ అతనే. తన మీద ఇంత ధ్యాస ఎప్పుడు పుట్టిందోనని ఆమె వారం నుంచీ మురిసిపోతూనే ఉంది.

ఇప్పుడు అతను లోపలికి వచ్చి, ఆ గీతను బొటనవేలితో చెరిపేశాడు. జానెడు కిందికి ఇంకో గీత గీశాడు.

"గంత కిందికైతే అక్క నడుం ఇరుగుతదన్నా," అన్నాడు మేస్త్రి.

"అక్క వండది. వండేటామె పొట్టిగుంటది."

బయట ఆటో హారన్ కొట్టింది. ధర్మేందర్ బ్యాగు తనే ఎత్తుకుని, ఆమె విడిచిన చెప్పులను కాలితో గడప వైపు నెట్టాడు.