నాలుగో ఫోటో

"అన్నీ కుంటివేనేంటి, దొన్ కసిమీరో?" అంటూ ఇంజనీరు ఉరూతియా నాలుగు ఫోటోలనూ బల్లమీద పరిచాడు.

ఎల్వీరా అతని ముందు వేడి అతోలే జావ గ్లాసు పెట్టి మొగుడి వంక చూసింది. సోచిమిల్కోలో వాళ్ళ మడిని ఆనుకుని పారే ఈ కాలువలో నెలకోసారి వల వేసి, నాలుగు నెలల్లో నాలుగు అహోలోతేలను చూపించాలి. ఒక్కటి తగ్గినా కాలువను వెడల్పు చేసి, పాటలు మోగించుకుంటూ తిరిగే షికారు పడవలకు ఇచ్చేస్తారు. ఇక ఆ నీళ్ళబల్లుల వంశం ఇక్కడితో సరి.

"చివరిది నిక్షేపంలా ఉంది కదండీ," అన్నాడు కసిమీరో. "మిగతావాటిని చేపలు కొరికాయి. తిలాపియాలకి అడ్డూ ఆపూ ఉందా?"

ఒకదానికి ఎడమ ముందుకాలు లేదు. ఒకదానికి అక్కడ మోడు. ఇంకోదానికి అక్కడే పొట్టికాలు. నాలుగోదానికి నాలుగు వేళ్ళూ ఉన్నాయి.

"మీ సూదిముక్కు నల్లపిట్ట కన్నా ఇదే నయం," ఇంజనీరు నవ్వాడు. "పాపం, దానికి ఒక్క ఫోటో అయినా లేదు."

"దాని పాట మా అమ్మమ్మ విన్నది," అంది ఎల్వీరా. "నిన్న కూసింది, రేపూ కూస్తుందిలే అనుకున్నారట అందరూ. రెల్లు పోయింది, వెనకే పిట్టా పోయింది. పిట్టకి రెక్క విరిగితే అంతేనే, అహోలోతే అయితే తెగిన కాలు కూడా మొలిపించుకుంటుంది, మొండిఘటం అని మా అమ్మమ్మే అంటుండేది."

"మరింకేం! దీనికి చావే లేదన్నమాట!" ఇంజనీరు నాలుగు ఫోటోల మీదా ముద్ర గుద్ది పడవెక్కాడు.

పడవ మలుపు తిరిగేదాకా ఆగి, ఎల్వీరా మొగుడి వీపు మీద ఒక్కటి చరిచింది.

"గట్టెక్కాం! మొహం అలా వేలాడేశావేం? ఈ చలికాలం జతకట్టి గుడ్లు పెట్టాయంటే కాలువ నిండిపోదూ!"

కసిమీరో వల ముడి విప్పబోయాడు. అది ఇంకా బిగిసింది.

"కాలువ ఈ చివర నుంచి ఆ చివరకి గాలించానే. నాలుగు నెలలూ, వల వేయని జాగా లేదు."

"గాలించబట్టేగా నాలుగు దొరికాయి!"

ఆయనకి ఏడుపు ఆగలేదు.

"ఆ నాలుగూ ఒక్కటేనే, ఎల్వీరా."