జానెడు నీళ్ళలో కాపలా

ఓవిడ్ దొంగచాటుగా చేపలు పడుతున్నాడని డెస్మండ్‌కి గట్టి అనుమానం. సాక్ష్యమే దొరకడం లేదు.

చిత్తడిలో ఎర్రచేపలు తగ్గిపోతున్నాయని, మనిషి రోజుకు నాలుగు మించి పట్టకూడదని ఆ ఏడు కట్టడి చేశారు. మించితే పడవ జప్తు, లైసెన్సు రద్దు. అయినా ప్రతి ఆదివారం ఓవిడ్ పెరట్లో వీధివీధంతా కూర్చుని వేయించిన ఎర్రచేప తింటూనే ఉంది. నాలుగు చేపలతో వీధిని మేపడం ఎవరివల్ల అవుతుంది?

వేట కాపలా అధికారి డెస్మండ్‌కి మోటారు బోటు ఉంది. కానీ ఓవిడ్ తిరిగేది జానెడు నీళ్ళలో. అక్కడికి మోటారు పోదు. అందుకే డెస్మండ్ కయాక్ అనే సన్నటి తేలిక పడవ ఒకటి కొన్నాడు. దానితోపాటు దుకాణంవాడు చూపించినవన్నీ కొన్నాడు. రెండు లంగర్లు, బురదలో గుచ్చి పడవను నిలబెట్టే గెడ, నీటి మీద తళతళను చంపే కళ్ళద్దాలు, మోకాళ్ళ దాకా బూట్లు, అనుమానం రాకుండా నాలుగు గాలాలు.

శనివారం పొద్దున్నే ఓవిడ్ ఇంటి రేవుకి వెళ్తే, ఆయన భార్య క్లోతిల్డ్ మెట్ల మీద బెండకాయలు తరుగుతూ కనిపించింది.

"బాబాయ్ ఎటు పోయాడు పిన్నీ?"

"ఎక్కడికి పోతాడు, పడమటి రెల్లులోకే. పట్టుకో నాయనా, నీకు పుణ్యం ఉంటుంది. నాకు ఇల్లంతా నీచు కంపు. ముందు ఈ కాఫీ తాగి వెళ్ళు."

పడమటి రెల్లులో ఓవిడ్ తన కయాక్ మీద నిలబడి, గెడతో చప్పుడు లేకుండా నెట్టుకుంటూ పోతున్నాడు. ఒక గాలం, ఒక చేపల పెట్టె, అంతే సామాను. డెస్మండ్ పడవేమో బరువుకి అడుగు గీరుకుంటూ వస్తోంది. తలలు బురదలో పెట్టి, తోకలు పైకి ఆడిస్తూ మేస్తున్న చేపలు ఆ చప్పుడుకి చెల్లాచెదురయ్యాయి.

"అబ్బాయ్, పెళ్ళివారి సామానంతా నీ పడవలోకే ఎక్కించారా?" అని కేకేశాడు ఓవిడ్.

"నీ పెట్టె చూడాలి బాబాయ్."

"చూసుకో. గంటకోసారి చూసుకో."

పెట్టెలో రెండు చేపలు. మధ్యాహ్నానికి మూడు.

మూడింటికి ఉత్తరపు గాలి లేచి, ఆ రెల్లులో ఉన్న కాస్త నీటినీ అవతలికి నెట్టేసింది. డెస్మండ్ కయాక్ బురదలో కూరుకుపోయింది. నెడదామని దిగాడు. తొడల దాకా దిగబడిపోయాడు. కదిలినకొద్దీ ఇంకా దిగుతున్నాడు.

"బాబాయ్!" అన్నాడు, ఈసారి అధికారి గొంతుతో కాదు.

ఓవిడ్ వెంటనే వెనక్కి తిరిగాడు. "నిలబడకు. పడవ మీద బోర్లా పడు. కాళ్ళు మెల్లగా లాగు. బూట్లు పోతే పోనీ" అంటూ తాడు విసిరి, గెడ అడ్డం పెట్టి బయటికి లాగాడు. సగం సామాను తన కయాక్‌లోకి మార్చుకున్నాడు. "ఈ రెండు లంగర్లెందుకురా? ఓడ ఏమైనా తెచ్చావా?" అని నవ్వాడు. దారంతా గెడ ఎలా వేయాలో ఓపిగ్గా నేర్పాడు.

రేవు చేరేసరికి సాయంత్రమైంది. ఓవిడ్ తనంతట తానే పెట్టె తెరిచి చూపించాడు. సరిగ్గా నాలుగు చేపలు.

వట్టి కాళ్ళతో నిలబడ్డ డెస్మండ్‌కి సిగ్గేసింది. "నా ప్రాణం కాపాడావు. నిన్ను అనుమానించాను, క్షమించు బాబాయ్. ఇక నీ వెంట పడను."

ఓవిడ్ మొహం వాడిపోయింది. "అలా అంటే ఎలాగురా? వచ్చే శనివారం కూడా రా. నీ డ్యూటీ నువ్వు చెయ్యాలి కదా!"

ఎంత మంచివాడు అనుకుంటూ డెస్మండ్ వెళ్ళిపోయాడు.

ఓవిడ్ ఇంటి వెనక్కి వచ్చేసరికి, జుట్టు నిండా బురదతో క్లోతిల్డ్ ఇంకో కయాక్‌ని ఒడ్డుకి లాగుతూ, "పద్నాలుగు. తూర్పు రెల్లులో తోకలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి, ఆ కుర్రాణ్ణి ఇంకో గంట తిప్పలేకపోయావటయ్యా?" అంది.