మెక్సికో స్లైడ్లు

తమ ఇండియా ట్రిప్ స్లైడ్లు చూపిస్తానని గోపాల్ ప్రొజెక్టర్ అడిగాడు. భీమశంకర్ అల్మరా పైనుంచి అట్టపెట్టె దించి ఇచ్చాడు. ఆ ఇంట్లో దాన్ని ఎన్నడూ ఆన్ చేసింది లేదు.

ఎనభై నాలుగు, ఏప్రిల్. గోపాల్, నళిని అమెరికాలోనే హెర్న్‌డన్ నుంచి, భీమశంకర్ వాళ్లుండే చాండ్లర్‌కి మారి రెండు నెలలైంది. ఆదివారం మధ్యాహ్నం భీమశంకర్ ఇంట్లోనే భోజనాలయ్యాక కర్టెన్లు వేశారు. గోపాల్ స్విచ్ నొక్కాడు.

గోడ మీద వాళ్ల గుంటూరు రాలేదు. భీమశంకర్ భార్య రాధారాణి వచ్చింది. ఏవో రాతిమెట్ల మీద, ఎండకి కళ్లు చిట్లించుకుని.

"అరె, ఇందులో ముందే స్లైడ్లున్నాయండీ," అన్నాడు గోపాల్. స్లైడ్ల ట్రేకి అతికించిన కాగితం చదివాడు. "మెక్సికో, సెవెంటీ నైన్! మావి తర్వాత. ముందు ఇవే చూద్దాం."

రాధారాణి కాఫీ కప్పుల పళ్లెంతో గుమ్మంలోనే ఆగిపోయింది. భీమశంకర్ లేచి పళ్లెం అందుకున్నాడు.

"నువ్వు కూర్చో. నేను చెప్తాలే."

చెప్పాడు. ప్వెబ్లాకి సెకండ్ క్లాస్ బస్సు. వహాకాలో కిటికీ లేని హోటల్ గది. ఆదివారం టికెట్ ఉండదని మ్యూజియాలన్నీ ఆ రోజుకే దాచుకోవడం. మూడు వారాలు, ఇద్దరికీ కలిపి ఒక్క సంచి.

"హనీమూనా?" అంది నళిని.

"పెళ్లయిన ఏడాదే."

తర్వాతి స్లైడ్‌లో చర్చి గోపురం శిలువతో సహా వచ్చింది. రాధారాణి మెడ వరకే వచ్చింది.

"ఆవిడ తల కోసేశారేంటండీ!" గోపాల్ పగలబడి నవ్వాడు.

"నిజమే. తల కూడా రావాల్సింది," అన్నాడు భీమశంకర్.

"ఒక్కదాంట్లోనూ మీరు లేరే?"

"కెమెరా పట్టుకున్నవాడు ఫొటోలో ఎలా వస్తాడు, నళిని గారూ?"

అప్పుడొచ్చింది ఆ స్లైడ్. మ్యూజియం పెరడు. రాధారాణి రెండు చేతులతో పొట్ట పట్టుకుని, వంగిపోయి నవ్వుతోంది. ఆవిడ అంతలా నవ్వడం గోపాల్ దంపతులు చూడలేదు.

"ఏం చేసి నవ్వించారండీ?" అంది నళిని.

ఇంతసేపూ బటన్ నొక్కుతూ తడుముకోకుండా చెప్పిన భీమశంకర్, ఈసారి లెన్స్ తిప్పి సరిచేయసాగాడు.

"మర్చిపోయారా! మగాళ్లంతా ఇంతే."

"ఫౌంటెన్‌లో పడ్డారు," అంది వెనక నుంచి రాధారాణి.

అందరూ తిరిగి చూశారు.

"ఫ్రేమ్ కుదరట్లేదని వెనక్కి, వెనక్కి వెళ్లారు. పడ్డాక కూడా కెమెరా తడవనివ్వలేదు. నీళ్లలో కూర్చునే నొక్కారు."

గోపాల్ భీమశంకర్ వీపు మీద చరిచాడు. భీమశంకర్ అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. నవ్వుతూ రాధారాణి వైపు చూశాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, కుర్చీ ముందుకి లాక్కుంది.

"తర్వాతది పెట్టండి," అంది.

మిగతావన్నీ ఆవిడే చెప్పింది. ప్రతి బస్సూ, ప్రతి మ్యూజియమూ. భీమశంకర్ బటన్ నొక్కుతూ విన్నాడు. గుంటూరు స్లైడ్లకి ఇక టైం మిగల్లేదు.

సాయంత్రం కారెక్కుతూ గోపాల్ అన్నాడు: "మిమ్మల్ని ఫౌంటెన్‌లో చూసుండాల్సిందండీ!"

"జాగ్రత్తగా డ్రైవ్ చేయండి," అన్నాడు భీమశంకర్.

భీమశంకర్ ఎన్నడూ మెక్సికో వెళ్లలేదు; తను చెప్పినవన్నీ రాధారాణి నోట విన్నవే. ఆ స్లైడ్లు తీసింది రాధారాణి మొదటి భర్త, అక్కడి నుంచి వచ్చిన ఏడాదికే పోయిన జగన్మోహన్.